దోసెడు మిరపకాయలు

నేను గ్రామసేవికగా ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. అరవైల మొదట్లో మాట. మా నాన్నగారు నందిగామలో బడిపంతులు. పెళ్లికాని పిల్ల ఊళ్లు పట్టుకుని తిరగడమేమిటని మా మేనత్త రభస చేసింది. "అదే మగపిల్లాడైతే ఈపాటికి బస్సెక్కించేవాళ్లం" అని అమ్మ ఒక్క మాట అని, నా పెట్టెలో ఆవకాయ జాడీ సర్దింది. అంతటితో ఆ గొడవ తీరిపోయింది.

నాకు అప్పగించిన ఊళ్లలో ఒకటి, చిల్లకల్లు దగ్గర బస్సు దిగి లోపలికి రెండు మైళ్లు నడవాల్సిన మెట్ట ఊరు. మిరప, జొన్న, కంది, కొంచెం పత్తి పండేవి. నాలుగు బావుల కింద ఉన్న నేల తప్పితే తక్కినదంతా వాన మీద ఆధారం. పంచాయతీ ప్రెసిడెంటు గారి పాత ఇంట్లో నాకొక గది ఇచ్చారు. పొగరాని పొయ్యిలు వేయించడం, పెరట్లో కూరపాదులు పెట్టించడం, కుట్టుపని నేర్పడం, తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి చెప్పడం నా పనులు. శిక్షణలో కొన్ని బొమ్మల పటాలు ఇచ్చారు. వాటిలో ఒక పటంలో బాలింత మంచం మీద పడుకుని నవ్వుతూ ఉంటుంది. పక్కనే బల్ల మీద గ్లాసుడు పాలు, ఉడికించిన గుడ్డు, ఆకుకూర, ఒక నారింజపండు.

ఆ పటాన్ని మొదటిసారి ఊరికి పడమటివైపున్న కూలివాళ్ల పల్లెలో విప్పాను. ఆ రోజు అమావాస్య. అరకలు కట్టరు, కూలిపనులు ఉండవు కాబట్టి ఆడవాళ్లందరూ దొరికారు. నేను గొంతు సవరించుకుని, "బాలింత ఆరు వారాలు బరువుపని చేయకూడదు. రోజూ పాలు తాగాలి, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలి" అని చదివినట్టుగా చెప్పాను.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. అది ఎగతాళి నవ్వు కూడా కాదు, చిన్నపిల్ల ముద్దుమాటలు విన్నప్పుడు నవ్వినట్టు నవ్వారు.

కూలిముఠాను నడిపే ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఎవరి తోటకి ఎంతమంది వెళ్లాలో, కూలి ఎంతో రైతులతో మాట్లాడేది ఆమే. అందరూ పెద్దక్క అనేవారు.

"ఆరువారాలు పడుకుంటే మాకు గింజలు ఎవరు కొలుస్తారమ్మా?" అని అడిగింది పెద్దక్క. "నేను నీళ్లాడిన ఆరోరోజు కందిచేలో ఉన్నా. ఇదిగో, ఇది తొమ్మిదోరోజు. అది పదోరోజు." ఆమె వేలుపెట్టి చూపిస్తుంటే ఒక్కొక్కరూ తలాడించారు.

వెనకనుంచి ఒక పిల్ల అడిగింది. "మరి నువ్వు రేపు పెళ్లి చేసుకుని నీళ్లాడితే నీ జీతం ఆపుతారా, సేవికమ్మగారూ?"

"ఆపరు" అన్నాను. "సెలవిస్తారు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతమిస్తారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "అట్టాగా" అంది పెద్దక్క మెల్లగా. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పటం చుట్టేసుకుని, కుట్టుపని సంగతి ఇంకోరోజు చెబుతానని లేచి వచ్చేశాను.

పుష్యమాసంలో మిరపకోతలు మొదలయ్యాయి. ఊరంతా తోటల్లోనే ఉండేది. నాకు ఇంటి దగ్గర మాట్లాడటానికి మనిషి దొరకక, ఒక పొద్దున నేనూ తోటకే వెళ్లాను. గట్టు మీద తుమ్మకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి ఉంది. అందులో పది రోజుల ఆడపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. సాళ్ల మధ్యనుంచి తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమెకు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పండుమిరప కోసిన చేతుల మంట నీళ్లతో కడిగితే పోదు. ఆమె ముంతలో తెచ్చుకున్న పుల్లమజ్జిగలో చేతులు ముంచి, కొంగుకు తుడుచుకుని, వేళ్లు తగలకుండా మోచేతులతో బిడ్డను ఎత్తుకోబోయింది. జారుతుందని భయపడి చివరికి వేళ్లతోనే పట్టుకుంది. రవికె తప్పించేటప్పుడు ఆ వేళ్లే రొమ్ముకు తగిలాయి. బిడ్డ నోరు పెట్టింది, వెంటనే తల విదిలించుకుని కెవ్వుమంది. పెదవులు ఎర్రగా కందిపోయాయి.

నేను బిడ్డను తీసుకున్నాను. నా దగ్గరున్న మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో ఆ నోరు తుడిచాను. తల్లి నిలబడి చూస్తోంది. ఆమె కూడా ఏడుస్తోంది కానీ, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. ఆ చేత్తో ఎలా తుడుచుకుంటుంది?

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"ఇయ్యాల నయమండి. నిన్న కంట్లో పడ్డది" అంది.

ఆ వారమే నందిగామ వెళ్లి, పంచాయతీ సమితి ఆఫీసులో బి.డి.ఓ. గారిని కలిశాను. యాభై ఏళ్ల మనిషి, తొందరపడి మాట్లాడేవారు కాదు. నేను చూసిందంతా చెప్పి, కూలి ఆడవాళ్లకు కాన్పు అయ్యాక ఆరు వారాలు గింజలు ఇప్పించాలని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇలాంటి దానికి ఖర్చుపెట్టమని నాకు పైనుంచి పద్దు లేదమ్మా. పాలపొడి వస్తే నీ ఊరికి తప్పకుండా పంపిస్తాను. కానీ ఒకటి అడుగుతాను. రేపు ఎవరైనా పద్దు ఇస్తాం, ఎలా చేయాలో చెప్పమంటే నీ దగ్గర ఏముంది? ఎంతమందికి ఇవ్వాలి? ఎన్నాళ్లు? ఎవరి చేతికి? ఈ ఏడు ఇచ్చి వచ్చే ఏడు ఆగిపోతే వాళ్లకేం చెబుతావు?"

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆయన మీద కోపంగానే ఉంది. నోటి మాటగా జాలి చూపించి, ప్రశ్నలు నా నెత్తిన పెట్టి పంపారనిపించింది. చిల్లకల్లులో బస్సు దిగేటప్పటికి ఆ ప్రశ్నలకు నా దగ్గర నిజంగానే జవాబు లేదని ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని పల్లెలో ఇల్లిల్లూ తిరిగాను. ఆ ఏడాదిలో కాన్పు కావలసినవాళ్లు పదకొండు మంది తేలారు. ఒక ఇంటికి వారానికి రెండు కుంచాల జొన్నలు ఉంటే బాలింత పనికి పోకుండా గడుస్తుందని వాళ్లే లెక్క చెప్పారు.

తర్వాతి అమావాస్యకు మళ్లీ పల్లెలో కూర్చున్నాం. ఈసారి పటం తీసుకెళ్లలేదు. బి.డి.ఓ. గారు అడిగినవే వాళ్లను అడిగాను.

"మనకెవరో ఎందుకు పెడతారు? పెడితే ఒక ఏడు పెడతారు" అంది పెద్దక్క.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న మంత్రసాని అవ్వ నోరు విప్పింది. ఆ పల్లెలో నలభై ఏళ్ల లోపు వాళ్లందరినీ ఆ అవ్వ చేతులే ముందు పట్టుకున్నాయి.

"కూలి కాయల్లో పొద్దుకొక దోసెడు తీసి పక్కన పెడితే ఎట్టా ఉంటది?" అంది.

అప్పట్లో మిరపకోతకు కూలి కాయల్లోనే ఇచ్చేవారు. కోసినదాంట్లో ఇన్ని పాళ్లకు ఒక పాలు అని కొలిచి ఇస్తే, వాళ్లు ఇంటి ముందు ఎండబెట్టుకుని అమ్ముకునేవారు. ముప్పైమందికి పైగా ఉన్న ముఠా, మూడు నెలల కోత. దోసెడు పోతే ఏ ఒక్కరి పొయ్యీ ఆగదు. అందరిదీ ఒకచోట పోస్తే గుట్ట అవుతుంది. నా నోటుపుస్తకంలో నేను ఎన్నో దారులు రాసుకుని వెళ్లాను. ఇది వాటిలో లేదు.

ఆ తర్వాత మూడు గంటలు వాదించుకున్నారు. నేను అంత బాగా వాదించుకోవడం మళ్లీ ఎక్కడా చూడలేదు. మొదటి రెండు కాన్పులకే ఇద్దామని ఒకామె అంటే, "అయిదో కాన్పుకు నొప్పులు రావా?" అని ఇంకొకామె లేచింది. కడుపుతో ఉండి కోతకు రాలేనివాళ్లు దోసెడు వెయ్యలేరు కదా, వాళ్ల మాటేమిటని అడిగారు. "వాళ్ల కోసమేగా ఏసేది!" అంది అవ్వ. ఈ మాఘంలో పెళ్లయి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు ఇవ్వాలా వద్దా అన్నదానిమీద పెద్ద గొడవే అయింది. వచ్చిన మొదటి కోతలో దోసెడు వేస్తే చాలు, మన మనిషే అని తేల్చారు. మొత్తం ఒకేసారి ఇస్తే ఇంట్లో అందరూ కలిసి పది రోజుల్లో తినేస్తారు, కాబట్టి వారం వారం ఇవ్వాలన్నారు. భర్తకీ అత్తకీ కాకుండా బాలింతకో, ఆమె చెప్పిన ఆడమనిషికో కొలవాలన్నారు. అక్కడున్న అత్తలు మొహాలు ముడుచుకున్నా కాదనలేకపోయారు.

నేను కూడా ఒక షరతు పెట్టాను. గింజలు తీసుకునేవాళ్లు నా ఆరోగ్య పాఠాలకు తప్పకుండా రావాలి, నర్సమ్మ వచ్చినప్పుడు సూదిమందు వేయించుకోవాలి, లేకపోతే గింజలు ఆపాలి అన్నాను. అది చాలా తెలివైన షరతని నా నమ్మకం.

పెద్దక్క నా వైపు తిరిగింది. "నీ పాఠానికి వస్తామమ్మా. నువ్వంటే ఇష్టమై వస్తాం. గింజలకీ దానికీ ముడెయ్యమాకు. ఒకదానికి ఒంట్లో బాగోక నీ పాఠానికి రాలేదనుకో, ఆ వారం దాని పిల్ల పస్తుండాలా?"

నేను ఆ షరతు కొట్టేశాను. చెప్పొద్దూ, ఆ తర్వాత నా పాఠాలకు జనం ముందుకన్నా ఎక్కువే వచ్చారు.

గింజలు దాచడానికి చోటు కావాలి. పల్లెలో గుడిసెలు తప్ప గట్టి చోటు లేదు. నేనుంటున్న ఇంటి వెనక దొడ్లో ప్రెసిడెంటు గారి పాత గాదె ఒకటి ఖాళీగా ఉంది. అడగటానికి వెళ్లాను. ఆయన పడకకుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

"కూలోళ్లు ఆరేసి వారాలు ఇంటిపట్టున ఉంటే కాయ ఎవరు కోస్తారమ్మా? చెట్టు మీదే రాలిపోద్ది. ఇయ్యాల గింజలంటారు, రేపు కూలి పెంచమంటారు. ఇవన్నీ నువ్వు నేర్పుతున్నావా?"

గుమ్మంలోనుంచి ఆయన భార్య ఇవతలకు వచ్చారు. నేను ఆవిడను పిన్నిగారూ అనేదాన్ని. అంతవరకూ పదిమందిలో భర్త మాటకు అడ్డం వచ్చిన మనిషి కాదు.

"నాకు అయిదు పురుళ్లు" అన్నారు పిన్నిగారు. "ప్రతి పురుటికీ మా అమ్మ మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. అన్నాళ్లూ మన చేలో పని ఆగిందా అండీ? ఆ పదిమందీ ఒక్కసారే నీళ్లాడరుగా. గాదెలో ఊరికే ఎలకలు తిరుగుతున్నాయి, ఇవ్వండి. వాళ్లు ఎంత వేస్తే నేనూ అంత వేస్తా, నా పాడి డబ్బులతో."

ఆయన ఆవిడ వైపు చూసి, "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆ మాటలో విసుగు ఉందో, ఇంకేముందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నేను సంతోషంగా పరుగెత్తి ఈ సంగతి పల్లెలో చెబితే పెద్దక్క సంతోషించలేదు.

"అమ్మగారు ఎయ్యటం మంచిదే. కానీ తాళంచెవి ఆయమ్మ దగ్గరే ఉంటే అది ఆయమ్మ పెట్టే ధర్మం అవుద్ది. రేపు ఎవురి మీదన్నా కోపమొస్తే ఆపొచ్చు. మన కాయలు కూడా ఉన్నయ్యిగా."

ఈ మాటను పిన్నిగారి దగ్గర ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు తిప్పలు పడ్డాను. చివరికి ఉన్నదున్నట్టే చెప్పేశాను. ఆవిడకు కోపం వస్తుందనుకుంటే, "అదీ నిజమే" అన్నారు. గాదె తలుపుకు రెండు తాళాలు వేయించారు. ఒక చెవి ఆవిడ దగ్గర, ఒకటి పెద్దక్క దగ్గర. ఇద్దరూ వస్తేగానీ తలుపు తెరుచుకోదు.

కోతలయ్యాక, ఎండిన కాయల బస్తాలు బండికెత్తి పెద్దక్కా నేనూ జగ్గయ్యపేట వెళ్లాం. పెద్దక్క ముందురోజే కూర్చుని తాలుకాయలన్నీ ఏరేయించింది. కొట్లో షావుకారు గుప్పెడు కాయలు తీసి విరిచి చూసి, వాసన చూసి, ఎవరి తోటవని అడిగాడు. "మావే" అంది పెద్దక్క. సెంటు భూమి లేని మనిషి అంత ధీమాగా ఆ మాట అనడం నాకు నవ్వు తెప్పించింది. మంచి ధరే ఇచ్చాడు. ఆ డబ్బుకు అక్కడే జొన్నలు కొని అదే బండిలో వేసుకొచ్చాం. పిన్నిగారు తన వంతు కలిపారు. గాదె సగానికి పైగా నిండింది.

ఆదివారం పొద్దున కొలత. మొదట్లో పల్లె ఆడవాళ్లు దొడ్డిగుమ్మం బయటే ఆగిపోయేవారు. లోపలికి రమ్మని పిన్నిగారు చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. పెద్దక్క ఒక్కతే లోపలికొచ్చి తాళం తీసేది. మూడో వారమో నాలుగో వారమో వాన మొదలైంది. పసిబిడ్డతో ఒకామె బయట తడుస్తుంటే పిన్నిగారు, "పిల్లతో అక్కడేం చేస్తున్నావే, లోపలికి రా" అని కేకేశారు. ఆ తర్వాత ఎవరూ గుమ్మం బయట ఆగలేదు.

శ్రావణంలో, పనులు లేని రోజుల్లో, పెద్దక్క కోడలికి నెలలు నిండాయి. తొలిచూలు. రెండు రోజులు నొప్పులు పడి, చచ్చిన బిడ్డను కన్నది. మగపిల్లాడు. నేను వెళ్లేసరికి కోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వయసు ఇరవై కూడా లేదు.

ఆ ఆదివారం గాదె దగ్గర పెద్దక్క మిగతావాళ్లందరికీ కొలిచి, తాళం వేయబోయింది.

"మీ కోడలికి?" అన్నాను.

"బిడ్డ తల్లికని రాసుకున్నాంగా. దానికి బిడ్డేది?" అంది. గొంతు గట్టిగానే ఉంది. "నా ఇంటికి నేనే కొలుచుకున్నానని రేపు ఒకరు అనకూడదు. ఎల్లుండి పక్కూరి చెరువు కింద వరినాట్లు మొదలవుతున్నాయ్, పంపిస్తా."

నేను పుస్తకం తెరిచి చూశాను. నిజమే, నేను రాసింది "బిడ్డ తల్లికి" అనే. ఆ అమావాస్యనాడు ఇలాంటిది ఎవరికీ తట్టలేదు. పిన్నిగారు ఏదో అనబోయి ఆగిపోయారు. ఆవిడ ఇమ్మంటే అది ఆవిడ పెట్టే ధర్మమే అవుతుంది, పెద్దక్క ఒప్పుకోదు.

నేను నేరుగా మంత్రసాని అవ్వ దగ్గరకు వెళ్లాను. అవ్వ కర్ర పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను పిలిచింది. సాయంత్రానికి పెద్దక్క ఇంటి ముందు ముఠా అంతా చేరింది. పెద్దక్క బయటకు వచ్చి, "ఏంటిదంతా?" అంది.

"నువ్వు కూసో" అంది అవ్వ. "నేను లోపలికి పోయి చూసొచ్చా. దానికి పాలు పడ్డయ్. తాగే పిల్లాడు లేక రొమ్ములు రాళ్లయిపోయినయ్. జ్వరం కాస్తంది. నడుం నిలబడ్ల. బిడ్డ బతికితే ఎంత నెత్తురు పోద్దో చస్తే కూడా అంతే పోద్ది. రేపు దీన్ని నాట్లకు పంపి మోకాటి లోతు నీళ్లలో నిలబెడతావా?"

ఒక్కొక్కరూ లేచి చెప్పారు. ఇవ్వాలి. ఒకామె, "నాకు మూడో కాన్పు అంతే అయింది. నాలుగోరోజు కలుపుకు పోయా. ఇప్పటికీ నా నడుం నాది కాదు" అంది. అప్పటిదాకా ఆ సంగతి పల్లెలో చాలామందికి గుర్తే లేదు. అందరూ ఒప్పుకున్నాక నన్ను పుస్తకం తెరవమన్నారు. "బిడ్డ తల్లికి" అన్నది కొట్టేసి, "నీళ్లాడిన మనిషికి" అని రాశాను. రాసింది చదివి వినిపించమన్నారు. రెండుసార్లు చదివాను.

అప్పుడు పెద్దక్క నేలమీద కూర్చుని ఏడ్చింది. మనవడు పోయిన రోజు కూడా ఆమె కంటతడి ఎవరూ చూడలేదట. అవ్వ ఆమె వీపు రాస్తూ పక్కన కూర్చుంది.

ఆ కోడలు ఆరువారాలు ఇంట్లోనే ఉంది. నేను రోజూ వెళ్లి కూర్చునేదాన్ని. మొదట్లో పలికేది కాదు. ఒకరోజు తనే, "మీకు కుట్టుపని వచ్చంటగా, నాకు నేర్పుతారా?" అని అడిగింది. ఎంత త్వరగా నేర్చుకుందంటే, ఏడాది తిరిగేసరికి పల్లెలో రవికెలన్నీ తనే కుట్టేది. ఆ మరుసటేడు ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల ఏడుపు పల్లెంతా వినపడిందని చెప్పుకుని నవ్వుకునేవారు.

మూడో ఏడు వానలు పడలేదు. మిరపనారు పోసిన మళ్లలోనే మాడిపోయింది. కోతలకు ముఠాలో సగంమందికి కూడా పని లేదు. దోసెళ్లన్నీ కలిపితే ఒక్క బస్తా నిండలేదు. రైతుల పరిస్థితీ అంతే. పిన్నిగారి గేదెలు రెండు అమ్ముడుపోయాయి. అయినా ఆవిడ తన వంతు తగ్గించలేదు. గాదె అడుగున ఉన్న గింజలు చూస్తే వైశాఖం దాటవు. ఆ ఏడు కాన్పులు ఆగవు కదా. బి.డి.ఓ. గారు మొదట్లోనే అడిగిన మాట నాకు రోజూ చెవిలో మోగేది.

నందిగామ వెళ్లి ఆయనకు చెప్పాను. ఈసారి ఆయన గోడమీదున్న జిల్లా పటం దగ్గరికి తీసుకెళ్లారు. "ఇక్కడ వాన లేదు. పరిటాల వైపు పడింది. జి.కొండూరు వైపు చెరువులు నిండాయి. ఒక్క ఊరి గాదె ఒక్క ఊరి వానమీదే ఉంటే ఇంతే కదమ్మా. అటువైపు గ్రామసేవికలను పిలిపిస్తాను, మాట్లాడు" అన్నారు.

నేను ఒక్కదాన్నే మాట్లాడటం కన్నా పెద్దక్క మాట్లాడితే మంచిదనిపించింది. ఇద్దరం బస్సులో పరిటాల దిగి, అక్కడికి దగ్గరలో ఉన్న ఒక ఊరి కూలివాడకు వెళ్లాం. అక్కడి సేవిక ఆడవాళ్లను కూర్చోబెట్టింది. మా కథంతా విని, వాళ్లలో ఒక పెద్దావిడ సూటిగా అడిగింది.

"మా గింజలు మీ ఊరికెందుకమ్మా ఇవ్వాలి? మీరెవురో మాకు తెలవదు."

పెద్దక్క తడుముకోలేదు. "నిజమే వదినా. ఊరికే ఇయ్యమాకండి. మీరూ ఒక గాదె పెట్టుకోండి, ఎట్టా పెట్టాలో మేం చెప్తాం. ఈ ఏడు మీకు మిగిలింది మాకియ్యండి. మీకు వాన పడని ఏడు మేం బండి కట్టుకుని తెస్తాం. నా మాట నమ్మకపోతే మా ముఠాని మీ కోతలకు పిలవండి. పని చూసి నమ్మండి."

ఆ పెద్దావిడ వెంటనే ఒప్పుకోలేదు. కానీ పది రోజుల తర్వాత, మావాళ్లు పదిహేనుమందిని కోతకు పంపమని కబురొచ్చింది. వెళ్లినవాళ్లు అక్కడ కూడా రోజుకొక దోసెడు పక్కన పెట్టారు. వాళ్లను చూసి ఆ ఊరివాళ్లూ పెట్టడం మొదలుపెట్టారు. వైశాఖంలో మా గాదె అడుగంటే సమయానికి, అటునుంచి బండి వచ్చింది. రెండు బస్తాల జొన్నలు, ఒక బస్తా కందులు. కందులు మేమడగలేదు, వాళ్లే పెట్టారు. బాలింతకు పప్పు కావాలని ఆ పెద్దావిడ చెప్పి పంపిందట. ఆ ఏడు మా ఊళ్లో ఏ బాలింతకూ ఒక్క వారం కూడా కొలత తప్పలేదు.

రెండేళ్ల తర్వాత వాళ్లకు పురుగుపట్టి పంట పోయింది. మా బండి వెళ్లింది. నేనూ ఆ బండిలోనే వెళ్లాను.

అప్పటికి ఇలాంటి గాదెలు ఆ చుట్టుపక్కల ఆరు ఊళ్లలో ఉన్నాయి. సమితి సమావేశంలో బి.డి.ఓ. గారు ఈ సంగతి పెట్టించారు. ఊళ్లు ఎంత పోగుచేస్తే అందులో నాలుగోవంతు సమితి కలపాలని తీర్మానం అయింది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ తీర్మానం గురించి మాట్లాడటానికి లేచింది ఎవరనుకున్నారు, మా ప్రెసిడెంటు గారు. "మా ఊళ్లో కోత ఒక్కరోజు ఆగలేదు. బాలింతలు బాగుపడి వస్తే పని ఇంకా బాగా సాగుతోంది. ఇది నేను కళ్లారా చూసి చెప్తున్నా" అన్నారు. ఇంటికొచ్చాక పిన్నిగారితో, ఈ మాట నేను అన్నానని ఎక్కువ పొంగిపోకు అన్నారట. ఆవిడే నాకు చెప్పి నవ్వారు.

అరవైల చివరలో నాకు నందిగామకు బదిలీ అయింది. వెళ్లేముందు పుస్తకం అప్పగించాలి. పెద్దక్క కోడలు అప్పటికి చదవటం, రాయటం నేర్చుకుంది, ఆమెకే ఇచ్చాం. ఆఖరిసారిగా పల్లెలో కూర్చున్నాం. నాకు వీడ్కోలు చెప్పడానికని పిలిచారు గానీ, అరగంట గడిచేసరికి నన్ను మర్చిపోయి ఇంకో వాదంలో పడ్డారు.

భర్తా పిల్లలూ లేని ఒక ముసలామె ఆ ఏడు పనికి రాలేకపోయింది. గాదెలో కాస్త మిగులు ఉంది. ముసలివాళ్లకు కూడా కొలవాలా అన్నది ప్రశ్న.

"కొలవాలి, కానీ ముసలోళ్లని ఎవుర్ని అనాలి? మనలో ఎవురికి వయసు తెలుసు?" అంది ఒకామె.

"జుట్టు నెరిస్తే చాలదా?"

"నాకు పాతికేళ్లకే నెరిసింది. అప్పుడే పెట్టేవాళ్లా?"

నవ్వులు లేచాయి. కొడుకులుండీ చూడనివాళ్ల సంగతేమిటని ఒకరు, వాళ్లకిస్తే కొడుకులు మరీ వదిలేస్తారని ఒకరు, అందుకని ముసలామె ఆకలితో ఉండాలా అని ఇంకొకరు. పెద్దక్క ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడిస్తోంది. కోడలు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. నా బస్సుకు టైమైందని ఎవరో గుర్తుచేశారు. నేను పెట్టె పట్టుకుని లేచాను. వాళ్లు లేవబోతే వద్దన్నాను. చిల్లకల్లు దారిలో చాలా దూరం నడిచేదాకా వాళ్ల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి.